రెండో పిల్లికి గొంతిచ్చిన ఆంటీ

వైశాలి మెట్రో స్టేషన్ కింద కూరగాయల బండి దగ్గర నేను ఉండగా అంకుల్ ఫోన్ చేశారు. "మీ ఆంటీ ఎల్లిపోనాది తల్లీ. పొద్దున్నే," అన్నారు. బండి అతను "దీదీ, మేథీ భీ దే దూఁ?" అని అడుగుతుంటే తలూపాను. ఇంటికి వచ్చాక చూసుకుంటే సంచిలో అక్కర్లేనంత మెంతికూర ఉంది. వలుస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాను కూడా.

చలికాలం మొదట్లో పట్టిన నెమ్ము ఆవిడ ఊపిరితిత్తుల్ని వదల్లేదు. ఈ ఊరి గాలి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. హిండన్ నది ఒడ్డున కార్యక్రమం అయింది. అంకుల్‌తో పాటు సైన్యంలో పనిచేసిన పెద్దవాళ్లు కొందరు, అపార్ట్‌మెంట్ వాళ్లు కొందరు, స్టూడియో నుంచి ఇద్దరం. అంతే.

ఆవిడ మీకు తెలియదు. కానీ ఆవిడ గొంతు మీ ఇంట్లో మోగే ఉంటుంది. సెలవు రోజుల్లో పిల్లలు టీవీ ముందు చేరి చూసే పాత కార్టూన్లు ఉంటాయి కదా, విదేశాల్లో ఎప్పుడో తీసినవి, ఒక్కోటీ కొద్ది నిమిషాలే ఉండేవి. వాటిలో ఒక వరసకి తెలుగు మాటలు నోయిడాలో పెట్టాం. ఒక పొగరుబోతు పెద్ద పిల్లి, దాని చేతికి ఎన్నటికీ చిక్కని ఒక బాతుపిల్ల. కథంతా వాటి పరుగే. వాటి గొడవతో ఏ సంబంధమూ లేని ఇంకో పిల్లి గోడ మీద పడుకుని ఉంటుంది. బక్కది, ఒక చెవి చిరిగినది. బాతుపిల్ల కోసం విసిరిన గిన్నె వచ్చి దానికి తగులుతుంది. అది ఒక్క అరుపు అరిచి గోడ అవతలికి పడిపోతుంది. మళ్లీ ఇంకో కథలో అదే గోడ మీద నిద్రపోతూ కనిపిస్తుంది. దానికి పేరు లేదు. మాకు వచ్చే కాగితాల్లో 'పిల్లి రెండు' అని ఉండేది. ఆ రెండో పిల్లి గొంతు ఆంటీది.

ఇంత చిన్న సంగతి పట్టుకుని ఒక మనిషిని తలుచుకోవచ్చా అన్నది నాకు సందేహమే. ఆవిడ ఒకరికి భార్య. చాలామందికి మంచి పొరుగు. ఆ ఆవిడ గురించి నాకు తెలిసింది తక్కువ. తెలిసిన మేరకే రాస్తున్నాను.

ఆ స్టూడియో ఒక బేస్‌మెంట్‌లో ఉండేది. నేను పాత్రల పెదవుల కదలికకు సరిపడేలా తెలుగులో డైలాగులు రాసేదాన్ని. రికార్డిస్టు గోరఖ్‌పూర్ వైపు మనిషి. తెలుగు ఒక్క ముక్క రాదు, కానీ ఏళ్ల తరబడి తెలుగు వింటూ ఎక్కడ మాట తేడా కొట్టిందో ముఖం చూడకుండానే పట్టేసేవాడు. ఆంటీని అక్కడ మొదట చూసినప్పుడు ఆవిడ వచ్చిన పని చాలా చిన్నది. కిటికీలోంచి ఒక ముసలావిడ "ఎవరక్కడ?" అని అరవాలి. అరిచేశారు. అంకుల్ స్కూటర్ మీద వచ్చి తీసుకెళ్లేదాకా బయటి గదిలో మా వెనక కూర్చున్నారు. మేం అప్పుడే పూర్తయిన కథని మొదట్నించీ చూసుకుంటున్నాం.

"ఆ పిల్లికి గొంతేదీ?" అన్నారు వెనక నుంచి.

"కౌన్ సీ బిల్లీ, ఆంటీజీ?" అన్నాడు రికార్డిస్టు.

"గోడ మీదిది. నోరు తెరిచినాది. ఏటీ వినబళ్లేదు."

వెనక్కి తిప్పి చూశాం. నిజమే. గిన్నె తగిలిన చప్పుడు ఉంది, పిల్లి నోరు బార్లా తెరిచింది, అరుపు లేదు. ఇలాంటి సినిమాలు మాకు వచ్చేటప్పుడు సంగీతం, చప్పుళ్లు ఉన్న ట్రాకు అక్కడి నుంచే వస్తుంది. మాటలు మాత్రం మేం పెట్టుకోవాలి. జంతువు అరుపు చప్పుళ్లలోనే ఉంటుందని అందరం అనుకున్నాం. పెద్ద పిల్లి కేకలు అలాగే వచ్చాయి కూడా. రెండో పిల్లికి మాత్రం ఆ రోజుల్లో ఎవరో నటుడు తన నోటితోనే అరిచినట్టున్నాడు. ఆ అరుపు మాటల ట్రాకులో చేరి, మాటలతో పాటే పోయింది. అప్పటికే కొన్ని కథలు పూర్తి చేసి పంపేశాం. అన్నిటిలోనూ ఆ పిల్లి మూగగానే దెబ్బలు తింది. నేను మాటలు చూసుకున్నాను, అతను మాటలు చూసుకున్నాడు, ఛానెల్ వాళ్లూ మాటలే చూసుకున్నారు.

"ఆధా సెకండ్ కా షాట్ హై, ఆంటీజీ. కౌన్ దేఖేగా?" అన్నాడతను. అర సెకను షాటుని ఎవరు చూస్తారని.

"నేను చూసినాను గదా," అన్నారావిడ. నా వైపు తిరిగి, "నోరు తెరిచిందంటే ఏదో అంటంది కదమ్మా. ఏటంటందో మనం ఇనాల," అంటూ గాజులు తీసి నా చేతిలో పెట్టి, చెప్పులు విడిచి లోపలికి వెళ్లారు. మైకుకి గాజుల చప్పుడు కూడా దొరికిపోతుంది. అందుకే రికార్డింగ్ ఉన్న రోజు ఆవిడ నలిగి మెత్తబడిన నూలు చీరే కట్టుకునేవారు. గంజి పెట్టిన చీర కదిలితే కాగితం చింపినట్టు వినిపిస్తుందట.

మొదటి అరుపుకే రికార్డిస్టు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. రెండో అరుపు దగ్గర ఇద్దరికీ పేచీ మొదలైంది.

గిన్నె తలకు తగిలిన ఫ్రేమ్ ఎక్కడుందో కంప్యూటర్ తెర మీద స్పష్టంగా కనబడుతుంది. అతను ఆవిడ అరుపుని జరిపి సరిగ్గా అక్కడ పెట్టాడు. ఆవిడ అద్దం అవతలి నుంచి చెయ్యి ఊపారు. కాదు, తర్వాత. అతను మళ్లీ జరిపాడు. మళ్లీ చెయ్యి ఊపారు. చివరికి బయటికి వచ్చేశారు.

"అది నిద్దట్లో ఉంది బాబూ. తగిలినాక తెలవాలా వద్దా? తెలిసినాక గదా అరుస్తాది?" అన్నారు తెలుగులోనే. కోపం వస్తే హిందీ గుర్తుండేది కాదు.

నేను హిందీలో చెప్పాను. అతను నవ్వి హిందీలోనే అన్నాడు. "మేడమ్, వీరికి చెప్పండి, దీన్ని బొమ్మకీ శబ్దానికీ సింక్ పోవడం అంటారని. పైనుంచి తిట్లు నాకు పడతాయి."

"నీకు ఎప్పుడైనా నిద్దట్లో దెబ్బ తగిలినాదా?" అని అడిగారావిడ. దాన్నీ హిందీ చేశాను. అతను కాసేపు ఆలోచించి, చిన్నప్పుడు మంచం మీంచి పడ్డానని ఒప్పుకున్నాడు. అరుపుని కొంచెం తర్వాతకి జరిపాడు. గిన్నె తగిలింది. పిల్లి కళ్లు తెరిచింది. ఒక్క క్షణం ఏమీ లేదు. అప్పుడు అరిచింది. మేమిద్దరం ఒకేసారి నవ్వేశాం. అంతకుముందు ఆ షాటుకి మాలో ఎవరూ నవ్వలేదు.

పూర్తయిన కథలన్నీ వెనక్కి తెప్పించి ఆవిడ చేత అరిపించారు. ఆ తర్వాత నా కాగితాల్లో రెండో పిల్లికి కూడా ఒక వరస కేటాయించడం మొదలుపెట్టాను. అందులో ఏం రాయాలో నాకెప్పుడూ తెలిసేది కాదు. 'అరుపు' అని రాసేదాన్ని. ఆవిడ అది చూసి, "ఇదేటమ్మా, అన్నిటికీ ఇదేనా? నీ యూనివర్సిటీలో ఇంతే నేర్పినారా?" అనేవారు. చెప్పు తగిలితే అరుపు కడుపులోంచి వస్తుందట, గిన్నె తగిలితే ముక్కులోంచి. పూలకుండీ అయితే అసలు అరుపు రాదు, గాలి మాత్రమే. ఇదంతా ఎక్కడ తెలుసుకున్నారో నేను అడగలేదు. అడిగినా చెప్పేవారు కాదేమో. కంటోన్మెంట్ క్వార్టర్లలో ఉన్న రోజుల్లో పెరటి గోడ మీద పిల్లులకు లోటుండేది కాదని మాత్రం ఒకసారి అన్నారు.

ఆవిడ ఈ పనిలోకి వచ్చింది కూడా ఆ క్వార్టర్ల నుంచే. జవాన్ల భార్యల కోసం పెట్టిన ఏదో మీటింగులో తెలుగులో ప్రకటన చదివారట. విన్నవాళ్లెవరో ఆరోగ్యం మీద తీస్తున్న ప్రకటనకి తీసుకెళ్లారు. అప్పటినుంచీ టీకాలు వేయించే తల్లి, మరుగుదొడ్డి కట్టించుకున్న కోడలు, పంట రుణం అందిన రైతు భార్య, అన్నీ ఆవిడే. "పేపర్లో పథకం పడ్డం ఆలస్యం, మొదటి లబ్ధిదారు నేనే," అని నవ్వేవారు. ఆ పాత్రలన్నిటిలోనూ ఆవిడ విజయనగరం మాట వినిపించేది కాదు. వినిపిస్తే దిద్దేవారు, దిద్దిన వాళ్లలో నేనూ ఉన్నాను, అది నా ఉద్యోగం. ఒక రోజు పిల్లి పని అయ్యాక గాజులు తొడుక్కుంటూ, "దీనిలో నన్నెవలూ దిద్దరమ్మా. అందుకే నాకు ఇది సుకం," అన్నారు.

ఆ మాట విన్నాక ఆ పిల్లే ఆవిడ అని రాసేయడం సులువు. ఒకరి గొడవలో దెబ్బ తినేది, పేరు లేనిది, గోడ మీదిది. కానీ నాకు నమ్మకం లేదు. ఆవిడ ఎవరి దెబ్బలూ తిన్న మనిషిలా కనిపించలేదు. అపార్ట్‌మెంట్ సొసైటీ మీటింగులో నీళ్ల ట్యాంకర్ గురించి ఆవిడ లేచి నిలబడితే సెక్రటరీ కూర్చునేవాడు. పిల్లి పిల్లే, ఆవిడ ఆవిడే. మధ్యలో ఒక పని ఉంది. ఆ పని ఆవిడ బాగా చేసేవారు. నేను చెప్పగలిగింది అంతవరకే.

అంకుల్‌కి మాత్రం ఈ పిల్లి సంగతి ఇబ్బందిగా ఉండేది. సుబేదార్‌గా రిటైరైన మనిషి. స్నేహితులతో "మావిడ కామెంటరీ చెప్తాది" అనేవారు. ఏం కామెంటరీ అని అడిగితే మాట మార్చేవారు. అపార్ట్‌మెంట్ పిల్లలు మాత్రం కనిపెట్టేశారు. లిఫ్టులో ఆవిడ ఎక్కగానే "బిల్లీ ఆంటీ, ఏక్ బార్, ప్లీజ్" అని మొదలుపెట్టేవారు. ఆవిడ పై అంతస్తు చేరేదాకా ఏమీ ఎరగనట్టు నిలబడి, తలుపు మూసుకుంటుండగా అరిచేవారు. లిఫ్టు కిందికి దిగేంతసేపూ పిల్లల నవ్వు వినిపించేదట.

ఆవిడ మెడలో గడ్డ తేలింది ఆ సినిమాల చివరి కట్ట రావలసిన రోజుల్లోనే. ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆలస్యం మంచిది కాదన్నారు. గడ్డని ఆనుకుని గొంతుకి పోయే నరం ఉంది, మాట్లాడటానికి ఇబ్బంది ఉండకపోవచ్చు, పై స్థాయి మాత్రం ఎంతవరకు తిరిగొస్తుందో చెప్పలేమన్నారు.

ఆ సంగతి నాకు చెప్పింది అంకుల్. నేను వాళ్లింటికి వెళ్లేసరికి ఆయన హాల్లో పచార్లు చేస్తున్నారు. ఆవిడ సోఫాలో కూర్చుని బీన్స్ తుంచుతున్నారు.

"నువ్వైనా చెప్పు తల్లీ. డాక్టరు దగ్గిర ఏటి చేసినాదో తెలుసా మీ ఆంటీ?"

"ఏం చేశారు?"

"పిల్లికూత కూసినాది. డాక్టరు ముందర. బయట బెంచీల మీద కూకున్నోళ్లందరూ లేచి కింద ఎతుకుతన్నారు, పిల్లి ఎక్కడ దూరినాదో అని."

ఆవిడ తలెత్తకుండానే, "మరేటి చెయ్యమంటారు? పై స్థాయి అంటాడు, పై స్థాయి అంటే ఏదో ఆయనకి తెలవొద్దా? ఏది కాపాడాలో చూపించినాను," అన్నారు.

"డాక్టర్ ఏమన్నారు?" అని అడిగాను.

"మళ్లీ ఒకసారి కుయ్యమన్నాడు," అన్నారు అంకుల్, ఇంకా నమ్మలేనట్టు.

మేం నవ్వుతుంటే ఆయనకీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగాక ఆవిడ బీన్స్ పళ్లెం పక్కన పెట్టారు. "భయం లేదమ్మా నాకు. మాట ఎలాగున్నా పర్వాలేదు, ఈయనకి వినబడితే చాలు. ఆఖరి కథలు ఇంకా రాలేదు గదా. అవి కూడా నేనే చేసేస్తే బాగుణ్ను. దాన్ని మధ్యలో ఒగ్గీడం బాగోదు."

ఆ కట్ట ఆపరేషన్ తేదీకి ముందే వస్తుందేమోనని రోజూ ఛానెల్ వాళ్లకి మెయిల్ పెట్టాను. రాలేదు. రికార్డిస్టు ఒక ఉపాయం చెప్పాడు. ఆంటీజీ ఒకసారి వచ్చి రకరకాల అరుపులు అరిచి పెడితే దాచుకుంటాను, సినిమాలు వచ్చాక అవసరమైన చోట పెట్టుకుంటాను అని. ఫోన్‌లో ఆవిడకి చెప్పాను. "తగిలేదేటో చూడకుండా ఎలాగ అరుస్తానమ్మా? నాటకంలా ఉంటాది," అన్నారు. చెప్పిన తేదీకే ఆపరేషన్ చేయించుకున్నారు. అంకుల్‌తో ఆ విషయంలో ఒక్క మాట కూడా వాదించలేదట.

గడ్డ తీసేశారు. ప్రాణానికి ప్రమాదం లేదన్నారు. గొంతు మాత్రం ఇసుకలో నడిచినట్టు మారిపోయింది. ఫోన్‌లో మొదటిసారి విన్నప్పుడు ఎవరో మగ మనిషి అనుకుని "అంకుల్" అన్నాను. "అంకులా, నేనే," అన్నారావిడ, ఏమీ అనుకోకుండా.

చివరి కట్ట వేసవిలో వచ్చింది. ఆవిడ వస్తానన్నారు. ఆ రోజు ఛానెల్ తరఫున గుడ్‌గావ్ నుంచి ఒక అమ్మాయి కూడా వచ్చి కూర్చుంది. మంచి అమ్మాయే. ఇంగ్లిష్‌లో, హిందీలో ఎంతో మర్యాదగా మాట్లాడింది.

ఆంటీ గాజులు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లారు. మొదటి షాటులో చెప్పు తగలాలి. నోరు తెరిచారు. గొంతు సగంలో విరిగిపోయింది. మళ్లీ చేశారు. మళ్లీ. పైకి ఎక్కబోయిన ప్రతిసారీ అదే చోట తెగింది. రికార్డిస్టు "బహుత్ అచ్ఛా ఆంటీజీ, ఏక్ ఔర్" అంటూనే ఉన్నాడు. అతని గొంతులో అబద్ధం నాకు తెలుస్తోంది. అద్దం అవతల ఆవిడకీ తెలిసే ఉంటుంది.

ఛానెల్ అమ్మాయి నెమ్మదిగా అంది. "మేడమ్, ఇది మ్యాచ్ కాదు. పాతవి ఉన్నాయి కదా, అవే పెట్టేద్దాం. పిల్లలకి తెలియదు."

నేను లోపలికి వెళ్లి చెప్పాను. ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి మేకుకి తగిలించారు. "అలగే. అదీ నాదే గదా," అన్నారు. బయటికి వచ్చి రికార్డిస్టు పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఏ పాత అరుపు ఏ కొత్త దెబ్బకి సరిపోతుందో ఇద్దరూ కలిసి వెతికారు. "అది బకెట్టుది, ఇక్కడ చెప్పు గదా. పోనీలే, దగ్గిరగా ఉంది." అలా ఒక్కొక్కటే నిండిపోతూ వచ్చాయి. ఆవిడ ముఖంలో బాధ వెతికాను. పని చేస్తున్న మనిషి ముఖమే కనిపించింది.

చివరి కథ వచ్చింది. పెద్ద పిల్లి పూలకుండీ ఎత్తింది. బాతుపిల్ల తప్పుకుంది. గోడ మీద రెండో పిల్లి ఈసారి మెలకువగానే ఉంది. వచ్చే కుండీని చూసి కళ్లు గట్టిగా మూసుకుంది. కుండీ దాని తల మీదుగా వెళ్లి అవతలెక్కడో పగిలింది. పిల్లి కొంచెంసేపు అలాగే ఉండి, ఒక కన్ను తెరిచింది. అటూ ఇటూ చూసింది. నోరు కొంచెం తెరిచి, గడ్డం మళ్లీ గోడకి ఆనించింది.

రికార్డిస్టు దాచుకున్నవన్నీ వినిపించాడు. ఏదీ సరిపోలేదు. అన్నీ దెబ్బ తిన్న అరుపులే. దెబ్బ తగలని గొంతు ఆ పిల్లికి మా దగ్గర లేనే లేదు.

"ఇక్కడ ఏమీ వద్దులెండి. ఖాళీగా వదిలేద్దాం," అంది ఛానెల్ అమ్మాయి.

"నోరు తెరిచినాది," అన్నారు ఆంటీ.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. ఈలోపే రికార్డిస్టు లేచి లోపలి తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఏక్ టేక్, మేడమ్. బస్ ఏక్," అన్నాడు ఆ అమ్మాయితో.

ఆవిడ లోపలికి వెళ్లి షాటుని ఒకసారి ఊరికే చూశారు. తర్వాత తలూపారు. ఎర్ర దీపం వెలిగింది. కుండీ వచ్చింది, పిల్లి కళ్లు మూసుకుంది, కుండీ పోయింది. పిల్లి ఒక కన్ను తెరిచింది. మా చెవుల్లో ఏమీ లేదు. తప్పిపోయిందనుకున్నాను. అప్పుడు ఒక ఊపిరి వచ్చింది. గొంతు కాదు, ఊపిరే. ముక్కులోంచి మెల్లగా మొదలై, చివర కొంచెం వణికి, అక్కడే ఆగింది. అక్కడ గొంతు అక్కర్లేదు.

"యే రఖ్ లో," అంది ఛానెల్ అమ్మాయి, తన ఫోన్ వైపు చూడటం మానేసి. ఇదే ఉంచేయమని.

రికార్డిస్టు ఆపే మీట మీద వేలు పెట్టి కూడా నొక్కలేదు. తెర మీద కథ ముందుకు పోతోంది. పెద్ద పిల్లి, బాతుపిల్ల వీధి చివర మలుపు తిరిగాయి. వాటి వెంటే జరుగుతున్న దృశ్యంలో ఇంకా కొంచెంసేపు ఆ గోడ ఒక మూలన ఉండిపోయింది. అద్దం అవతల ఆంటీ ఆ మూలనే చూస్తూ నిలబడ్డారు. గోడ మీద పిల్లి అటు తిరిగి పడుకుంది. దాని తోక ఇటు వైపు వేలాడుతూ, ఏ తొందరా లేకుండా, ఊగుతోంది.